పదహారు ఎలా ఇరవై మూడయింది

మా యార్డులో ఆమెను అందరూ తూకం అక్క అనేవారు. నాకంటే ఆరేళ్లు చిన్నది, అయినా నాకూ అక్కే. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. కొత్తవాళ్లెవరైనా ఆ పేరుతో పిలిస్తే, పక్కన ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని తన పనిలో తానుండేది.

ఊళ్లో చెత్తంతా చేరేది మా యార్డుకే. గేటు పక్క గదిలో కూర్చుని రిజిస్టరు రాయడం నా పని. ఆమె పని లోపల, రేకుల షెడ్డులో. నెలకోసారి ఒక్కో వీధి బండిని ఆపి అందులో ఏమేం ఉందో తేల్చాలి. బండెడు చెత్త ఏరడం ఎవరివల్లా కాదు. అందుకని దాన్ని సిమెంటు నేల మీద గుమ్మరించి, పారలతో కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురు భాగాలు రెండు తోసేస్తారు. మిగిలిన రెండూ మళ్లీ కలిపి మళ్లీ నాలుగు చేస్తారు. అలా తగ్గించుకుంటూ పోయి సరిగ్గా వంద కిలోలు మిగిలాక అక్క చేతి తొడుగులు వేసుకుని కూర్చుంటుంది. ఏడు కుప్పలు పెడుతుంది: తడి చెత్త, కాగితం, ప్లాస్టిక్, గుడ్డ పీలికలు, గాజు, ఇనుమూ రేకూ, ఆఖరికి మట్టీ దుమ్మూ. ఒక్కో కుప్పనూ చిన్న కాటా మీద పెట్టి అంకె చెబితే నేను రాసుకుంటాను. అన్నీ కలిపితే వంద. ఎప్పుడూ వందే. వందకు వంద వచ్చిందా లేదా అన్నదొక్కటే పైవాళ్లు చూసేది. బండి మొత్తం బరువెంతో ఎవరికీ తెలీదు, ఎందుకంటే గేటు దగ్గరి పెద్ద కాటా రెండేళ్లుగా మూలన పడి ఉంది.

ఈ ఉద్యోగానికి రాకముందు అక్క పాతబట్టల గోడౌనులో పన్నెండేళ్లు చేసింది. కళ్లు మూసుకుని గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి ఇది నూలు, ఇది ఉన్ని, ఇది కలిపి నేసింది అని చెప్పేదట. ఆ గోడౌను మూతపడ్డాక మా దగ్గరికి వచ్చింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇంట్లో వాళ్లిద్దరూ, ఒకప్పుడు కుట్టుపని చేసిన అత్తగారూ. పిల్లలు లేరు. ఆ సంగతి అడిగినవాళ్లకు “లేరండీ” అని చెప్పి, అంతటితో వదిలేసేది.

వదిలేయని సంగతులు వేరే ఉండేవి. ఒక ఏడాది ఒకే వీధి నుంచి మూడుసార్లు కుడికాలి చెప్పు ఒక్కటే వచ్చింది, అదీ కొత్తది. మేమంతా నవ్వి ఊరుకున్నాం. అక్క మాత్రం సెలవురోజున ఆ వీధికి వెళ్లి, ఆ చెప్పులు కొన్న పెద్దాయనకు కుడికాలు లేదని కనుక్కుని వచ్చింది.

“కనుక్కుని ఏం చేశావు?” అని అడిగాను.

“కనుక్కున్నాను” అంది.

నేను చెప్పబోయేది పచ్చసంచుల ఏడాది సంగతి. మా యార్డు కిందికి వచ్చే వీధులు ఇరవై నాలుగు. ప్లాస్టిక్ సంచుల వాడకం తగ్గించాలని మా ఇన్‌స్పెక్టరు ఒక ఏర్పాటు చేశాడు. చీట్లు తీసి పన్నెండు వీధులు ఎంచి, అక్కడ ఇంటింటికీ మందపాటి పచ్చ గుడ్డ సంచి ఒకటి పంచాడు. మిగతా పన్నెండు వీధులకూ ఏమీ ఇవ్వలేదు. ఆరు నెలలయ్యాక రెండు జట్లనూ పోల్చి చూడాలి. ఆయన ముప్పై ఏళ్ల మనిషి, చురుకైనవాడు, ఆ పథకం మీద చాలా ఆశ పెట్టుకున్నాడు. సంచుల మీద అచ్చు వేయించిన మొక్క బొమ్మ కూడా ఆయన స్వయంగా గీసిందే.

ఆరు నెలలు గడిచాయి. అక్క ఇరవై నాలుగు బళ్లూ ఏరింది. సంచులు ఇవ్వని వీధుల్లో వందకి ప్లాస్టిక్ పదహారు, ఎప్పటిలాగే. సంచులు ఇచ్చిన వీధుల్లో ఇరవై మూడు.

ఇన్‌స్పెక్టరు కాగితం పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఆ సమయానికి నేనూ అక్కడే ఉన్నాను.

“ఇదేంటమ్మా ఇది? ఇవ్వని చోట పదహారు, ఇచ్చిన చోట ఇరవై మూడా?”

“కాటా చూపించిందే చెప్పాను సార్.”

“కాటా సంగతి సరే, కుప్పలు పెట్టింది నువ్వు కదా. కాగితంలో వేయాల్సింది పొరపాటున ప్లాస్టిక్‌లో పడిందేమో.”

“అలాగైతే కాగితం తగ్గాలి సార్. కాగితం కూడా పెరిగిందిగా, పన్నెండు నుంచి పదిహేడుకి.”

ఆయన కాగితం మరోసారి చూసుకున్నాడు. నిజమే. గాజు పెరిగింది, రేకు పెరిగింది, గుడ్డ పీలికలు పెరిగాయి. ఒక్క తడి చెత్తే అరవై నుంచి నలభై మూడుకి దిగింది.

“అయితే తప్పు జనానిదే. సంచులిచ్చి మంచిపని చేద్దామనుకుంటే ఎడాపెడా పారేస్తున్నారు. ఆ పన్నెండు వీధులకీ నోటీసులు వెళ్తాయి. వచ్చే నెల నుంచి నీ పక్కన ఇంకో మనిషిని కూర్చోబెడతాను, నువ్వు పెట్టిన కుప్పలు మళ్లీ చూడ్డానికి.”

ఆయన వెళ్లిపోయాడు. యార్డుకి వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆమె కుప్పను రెండోసారి ఎవరూ ముట్టుకోలేదు. మొహం చిన్నబోయింది. కానీ నేను ఓదార్చబోతే ఆమె ఇంకేదో ఆలోచనలో ఉంది.

“రైటరు గారూ, ఈ మధ్య ఆ వీధుల బళ్లు నీళ్లు కారడం లేదు, గమనించారా?”

“నేను గమనించేది నంబరు పలకే అక్కా.”

“ఇదివరకు బండి ఆగిన చోట మడుగు కట్టేది. ఇప్పుడు చుక్కలు చుక్కలుగా పడుతోంది, అంతే. వాసనా తగ్గింది.”

ఆ తర్వాతి ఆదివారం జరిగింది నాకు వాళ్ల అత్తగారు చెప్పారు. ఆవిడకు ముచ్చట్లంటే ప్రాణం. పొద్దున పనులయ్యాక కోడలు వచ్చి అత్తగారి గుండీల డబ్బా అడిగిందట. కుట్టుపని మానేసి పదేళ్లయినా ఆవిడ ఆ డబ్బాను ఎవరి చేతికీ ఇవ్వరు.

“ఎందుకే?”

“లెక్క చూడాలి అత్తయ్యా.”

“గుండీలు లెక్కపెట్టే వయసా నీది?”

అయినా ఇచ్చారు, పక్కనే కూర్చున్నారు కూడా. అక్క చాప మీద నల్ల గుండీలు అరవై పేర్చింది. అవి తడి చెత్త. తెల్లవి పదహారు, ప్లాస్టిక్. నీలివి పన్నెండు, కాగితం. మిగతా పన్నెండూ రంగురంగులవి. మొత్తం వంద. తర్వాత నల్లవాటిలో సగం, అంటే ముప్పై, తీసి అత్తగారి ఒళ్లో పోసింది. తెల్లవాటి జోలికి వెళ్లలేదు.

“ఇప్పుడు చాప మీద ఎన్ని ఉన్నాయి?”

“డెబ్బై. నాకు ఆ మాత్రం లెక్కలు వచ్చులే.”

“డెబ్బైలో పదహారు తెల్లవి. అదే వందైతే ఎన్ని?”

ఆ ప్రశ్న అత్తగారికి కాస్త గట్టిదైంది. కొడుకుని కేకేశారు. ఆయన చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ వచ్చి ఫోనులో నొక్కి చూశాడు.

“ఇరవై రెండు పాయింటు ఎనభై ఆరు” అన్నాడు.

“ఇరవై మూడు” అంది అక్క. “మరి నీలివి?”

“పదిహేడు పాయింటు ఒకటి.”

అక్క తన కాగితం తెచ్చి చూసుకుంది. ప్లాస్టిక్ ఇరవై మూడు, కాగితం పదిహేడు, తడి నలభై మూడు. చాప మీద ఉన్నవీ, కాగితం మీద ఉన్నవీ ఒకటే. ఒక్క తెల్ల గుండీ కూడా కొత్తగా పెట్టకుండానే పదహారు ఇరవై మూడయింది. ఆమె అలా చూస్తూ ఉండిపోతే అత్తగారు ఒళ్లోని గుండీలు తీసి, “ఇవి ఎక్కడికి పోయాయో అది చూసుకో ముందు” అన్నారట. ఈ మాట మాత్రం ఆవిడ నాకు రెండుసార్లు చెప్పారు.

సోమవారం అక్క గుండీలు ఒక గుడ్డలో మూటగట్టుకుని ఇన్‌స్పెక్టరు గదికి వెళ్లింది. మాట సాయంగా నన్నూ రమ్మంది. ఆయన బల్ల మీద ఆట మొత్తం మళ్లీ చూపించింది. ఆయన చేతులు కట్టుకుని చివరిదాకా చూశాడు. చూడకుండా పంపించేయలేదు, అది ఆయన మంచితనం.

“బాగానే ఉంది. కానీ ఇది నువ్వు అనుకుంటున్న కథ. తడి చెత్త తగ్గిందని నీకెలా తెలుసు? పొడి చెత్త అంతా కలిసి పెరిగినా ఇవే అంకెలు వస్తాయి కదా.”

అక్క గుండీలు మళ్లీ మూటగట్టుకుంది. దారిలో తిరిగి వస్తూ, “ఆయన అన్నది నిజమే రైటరు గారూ. దానికి నా దగ్గర జవాబు లేదు” అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమెలో బాధకన్నా ఆసక్తే ఎక్కువ కనబడింది నాకు.

నోటీసులు టైపు అయ్యాయి గానీ వెళ్లలేదు. ఇన్‌స్పెక్టరు మనసులోనూ పురుగు తొలవడం మొదలైంది. తన చెల్లెలికి ఒకప్పుడు చదువు చెప్పిన లెక్కల మేడమ్‌కి ఫోను చేశాడు. ఆవిడ కాలేజీలో గణాంకాలు చెబుతారు. రెండు రోజులకే స్కూటరు మీద వచ్చారు, ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో హెల్మెట్. ఇన్‌స్పెక్టరు గదిలో కుర్చీ చూపిస్తే, “చెత్త ఎక్కడ ఏరుతారో అక్కడ కూర్చుంటాను” అని షెడ్డులోకి వచ్చి ఒక ప్లాస్టిక్ పెట్టె బోర్లించి దాని మీద కూర్చున్నారు.

గుండీల సంగతి విని మేడమ్ చాలా సంతోషించారు. “మీరు చేసిందే మేమూ చేస్తాం, కాస్త చుట్టు తిరిగి. వందలో వంతులు ఎప్పుడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. ఒకటి తగ్గితే మిగతావి పెరిగినట్టు కనిపించి తీరాలి. అందుకని ఏ ఒక్క అంకెనీ విడిగా నమ్మకూడదు. ఒకదానికి ఇంకొకటి ఎన్ని రెట్లు ఉందో చూడాలి.”

“ప్లాస్టిక్‌నీ కాగితాన్నీ పక్కపక్కన పెడితే పాతదే కనిపిస్తోంది మేడమ్. నాలుగుకి మూడు. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.”

“ప్లాస్టిక్‌నీ గాజునీ?”

“అదీ మారలేదు. తడి చెత్తతో పోల్చినప్పుడే మారుతోంది.”

మేడమ్ లాప్‌టాప్ తెరిచి ఇరవై నాలుగు వీధుల అంకెలూ ఎక్కించడం మొదలుపెట్టారు. నేను చదువుతుంటే ఆవిడ కొట్టారు. రెట్లన్నిటికీ లాగరిథం తీస్తానన్నారు. అదెందుకని అక్క అడిగింది.

“ఒక వీధిలో ప్లాస్టిక్ కాగితానికి రెండు రెట్లు. ఇంకో వీధిలో సగం. మొదటి అంకె రెండు, రెండోది అర. సమానమైన ఒకటి నుంచి రెండుకి దూరం ఎంత?”

“ఒకటి.”

“ఒకటి నుంచి అరకి?”

“అర.” అక్క ఆగింది. “అది న్యాయంగా లేదే. రెట్టింపూ సగమూ ఒకే పాటి తేడా కదా.”

“లాగరిథం తీస్తే ఆ రెండు దూరాలూ సమానమవుతాయి. అందుకే తీసేది.”

అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ ఏడో వీధి దగ్గర ఆగిపోయాయి. ఆ వీధిలో గాజు సున్నా. సున్నాకి లాగరిథం ఉండదట. మేడమ్ వేళ్లు కీబోర్డు మీద ఆపి అక్క వైపు చూశారు.

“ఆ వీధిలో నిజంగానే గాజు లేదా, మీకు కనబడలేదా?”

అన్నాళ్ల నుంచీ నేను రాసిన సున్నాల గురించి ఎవరూ అడగలేదు. అక్క కాస్త నవ్వింది.

“ఉంటుంది మేడమ్. మట్టి కుప్పలో రెండు మూడు పెంకులు మెరుస్తాయి. ఏరి కాటా మీద పెడితే ముల్లు కదలదు. యాభై గ్రాములకి తక్కువైతే ఈ కాటాకి తెలీదు. అందుకని సున్నా అంటాను, రైటరు గారు రాసుకుంటారు.”

“అయితే అది సున్నా కాదు. యాభై గ్రాములకి లోపల ఏదో ఒకటి.” మేడమ్ ఆ చోట, యాభైలో సుమారు మూడింట రెండు వంతులని, ముప్పై రెండు గ్రాములు వేశారు. “ఇలా చిన్న అంకె వేస్తే ఏమైనా కొంప మునుగుతుందేమో తర్వాత మార్చి మార్చి చూద్దాం. మీరు చెప్పకపోతే ఈ గడి నాకు గుడ్డిదే.”

ఆ తర్వాత మేడమ్ చేయించింది నేను ఎప్పటికీ మరచిపోను. నా దగ్గర పాత రిజిస్టరు కాగితాలు అడిగి తీసుకుని ఇరవై నాలుగు చీటీలు చింపారు. ఒక్కో చీటీ మీద ఒక్కో వీధిలో ప్లాస్టిక్ మిగతా పొడి చెత్తకు ఎన్ని రెట్లో, దాని లాగరిథం రాశారు. ముందు అసలు లెక్క చూశారు: సంచులున్న పన్నెండింటి సగటు, లేని పన్నెండింటి సగటు, రెండింటికీ మధ్య తేడా. చాలా చిన్నది.

“ఇప్పుడు ఈ చీటీలు కలిపి, చూడకుండా పన్నెండు తీయండి” అన్నారు అక్కతో. “పచ్చసంచికీ ప్లాస్టిక్‌కీ సంబంధమే లేకపోతే ఏ వీధిని ఏ జట్టులో వేసినా ఒకటే కదా. మీరు గుడ్డిగా కట్టిన జట్లలో ఇంత తేడా ఎన్నిసార్లు వస్తుందో చూద్దాం.”

అక్క తన టిఫిను డబ్బా మూతలో చీటీలు కలిపి తీసింది. మేడమ్ కూడి చెప్పారు, నేను గీతలు గీశాను. ఇరవైసార్లు తీస్తే పదకొండుసార్లు అసలు తేడా కన్నా పెద్ద తేడా వచ్చింది.

“అంటే?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో మేము చూసుకోలేదు.

“అంటే మీ సంచులు ప్లాస్టిక్‌ని పెంచాయనడానికి సాక్ష్యం లేదు. తగ్గించాయనడానికీ లేదు” అన్నారు మేడమ్.

ఆయన మొహంలో సంతోషం, దిగులు వెంటవెంటనే వచ్చి పోయాయి.

చీటీలు వెనక్కి తిప్పి ఈసారి తడి చెత్త పొడి చెత్తకు ఎన్ని రెట్లో రాశారు. మళ్లీ ఇరవైసార్లు తీసింది అక్క. ఒక్కసారి కూడా అసలు తేడా దరిదాపులకు రాలేదు. మేడమ్ అదే పని లాప్‌టాప్ చేత పదివేలసార్లు చేయించారు. మేము టీ తాగేలోపే అయిపోయింది. ప్లాస్టిక్ విషయంలో ఐదువేల పైచిలుకు సార్లు గుడ్డి జట్లే గెలిచాయి. తడి విషయంలో ఒక్కసారీ గెలవలేదు. గాజు చోట వేసిన చిన్న అంకెను పదికీ నలభై ఐదుకీ మార్చి చూసినా ఫలితం కదల్లేదు.

“అంటే తడి చెత్త తగ్గిందని తేలినట్టేగా” అన్నాను నేను.

“తేలలేదు” అన్నారు మేడమ్. “పొడితో పోలిస్తే తడి తగ్గింది, అంతవరకే. తడి నిజంగా తగ్గిందా, పొడి అంతా ఒకే పాళ్లలో పెరిగిందా అన్నది ఈ కాగితంలో లేదు. బండి బరువు తెలిస్తే చిటికెలో చెప్పొచ్చు.”

అందరం గేటు వైపు చూశాం. పెద్ద కాటా మీద ఎవరో గోనెసంచులు ఆరేశారు.

“కాగితంలో లేకపోతే వీధిలో ఉంటుంది” అంది అక్క.

మర్నాడు తెల్లారి ఆరింటికి ఆమె పచ్చసంచులు ఇచ్చిన ఒక వీధి మొదట్లో నిలబడింది. నేనూ వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, నాకూ మనసాగలేదు. మా చెత్త బండి వచ్చేది ఏడున్నరకి. వీధి ఇంకా పూర్తిగా లేవలేదు. ఎవరో వాకిలి కడుగుతున్నారు, ఒకాయన సైకిలు చక్రానికి గాలి కొడుతున్నాడు. అక్క నా మోచెయ్యి తట్టి చూపించింది. దాదాపు ప్రతి గేటుకీ ఒక పచ్చసంచి వేలాడుతోంది.

ఒక సంచి దగ్గరికి వెళ్లి అడుగు భాగం చేత్తో పట్టుకుని బరువు చూసింది. “కిలోన్నర” అని, మూతి తెరిచింది. కూరగాయల తొక్కలు, అరటి తొక్కలు, టీ పొడి.

అంతలో వీధి చివర నుంచి ఒక ముసలామె మూడు చక్రాల బండి తోసుకుంటూ వచ్చింది. బండి మీద రెండు నీలం డ్రమ్ములు. ఒక్కో సంచీ దించి, డ్రమ్ములో దులిపి, మళ్లీ గేటుకే తగిలించి ముందుకు కదులుతోంది. మమ్మల్ని చూసి ఆగింది.

“మీరు ఆఫీసు వాళ్లా?”

“చెత్త ఏరేవాళ్లం పెద్దమ్మా. ఈ తొక్కలన్నీ ఎక్కడికి?”

“నాకు మొక్కల తోట ఉందమ్మా, కాలవ అవతల. కుండీ మొక్కలు పెంచి ఇస్తాను. ఎరువుకి ఇవి కావాలి. ఇదివరకు బకెట్లో వేసి పెట్టండి అని అడిగితే ఒక్కరూ పెట్టలేదు, వాసనొస్తుందనీ కుక్కలు దొర్లిస్తాయనీ. ఈ సంచులొచ్చాక దీన్లో వేసి గేటుకి తగిలించండి అన్నాను. అందరూ సరే అన్నారు.”

“సంచులున్న వీధులన్నీ తిరుగుతున్నావా?”

“నేనూ, మా చెల్లెలూ, మా మరదలూ. తలా నాలుగు వీధులు.” ముసలామె మా మొహాలు మార్చి మార్చి చూసింది. “ఆపేయమంటారా?”

“ఎందుకు ఆపాలి” అంది అక్క. పక్క గేటు తీసుకుని ఒకావిడ బయటికి వస్తే ఆమెనూ వదల్లేదు. “మరి ఈ సంచి బజారుకి తీసుకెళ్లరా అమ్మా?”

“తీసుకెళ్లాలనే ఉంటుంది. తీరా వెళ్లేటప్పుడు ఇది తొక్కలతో నిండి ఉంటుంది” అంది ఆవిడ. “బజారులో వాళ్లే ఇస్తారుగా కవరు.”

ఆ రోజుకి ఇది చాలనుకున్నాను నేను. అక్క చాలనుకోలేదు. తర్వాత రెండు రోజులూ పొద్దున్నే సంచులు ఇవ్వని నాలుగు వీధులు తిరిగింది. అక్కడ ఏ గేటుకీ ఏమీ వేలాడడం లేదు, మూడు చక్రాల బండి ఎవరికీ తెలీదు. ఒక పొద్దుట పెద్దమ్మ తోటకి వెళ్లి ఆ ముగ్గురు ఆడవాళ్ల డ్రమ్ములు రోజుకి ఎన్ని నిండుతాయో కూడా లెక్కపెట్టుకుని వచ్చింది. ఆ అంకెను మేడమ్‌కి పంపితే, తడి చెత్త సగం తగ్గడానికి అది ఇంచుమించు సరిపోతుందని ఆవిడ జవాబు రాశారు.

ఇన్‌స్పెక్టరు ఇదంతా విని తల పట్టుకుని కూర్చుని, కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. “ప్లాస్టిక్ తగ్గించమని సంచులిస్తే ప్లాస్టిక్ తగ్గలేదు. నేను అడగనిది సగానికి సగం తగ్గింది. దీన్ని పైకి ఏమని రాయను?”

“జరిగింది రాయండి సార్” అంది అక్క.

అలాగే రాశాడు. ప్లాస్టిక్ విషయంలో పథకం పనిచేయలేదనీ, తడి చెత్త విషయంలో ఎవరూ అనుకోని మేలు జరిగిందనీ, దానికి కారణం ముగ్గురు తోట మనుషులనీ. పైవాళ్లు దాన్ని ఎంతవరకు చదివారో తెలీదు గానీ, పెద్ద కాటా బాగుచేయించమన్న ఒక్క వాక్యం మాత్రం పనిచేసింది. నెల తిరిగేలోపు మనుషులు వచ్చి గోనెసంచులు తీసేసి దాన్ని నిలబెట్టారు. సంచులున్న వీధుల బళ్లు సంచులు లేని వీధుల బళ్లకన్నా దాదాపు మూడో వంతు తేలిగ్గా ఉన్నాయి. అప్పటి నుంచి నా రిజిస్టరులో మొత్తం బరువుకి ఒక గడి పెరిగింది. టైపు చేసిన నోటీసులు చింపేశారు. రెండో మనిషి ప్రస్తావన మళ్లీ రాలేదు. ఒకరోజు ఇన్‌స్పెక్టరు షెడ్డు గుమ్మంలో నిలబడి, “ఆ రోజు తొందరపడ్డానమ్మా” అన్నాడు. అక్క “పర్వాలేదు సార్, ఆ కాగితం చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు” అని, ఆయన కాళ్ల దగ్గరున్న గాజు పెంకు ఏరి పక్కన పెట్టింది.

మేడమ్ ఆమెను ఒకసారి కాలేజీకి పిలిపించారు. నలభై మంది విద్యార్థుల ముందు నిలబడాలంటే ముందు రెండు రోజులు అన్నం సహించలేదని భర్త చెప్పాడు. తీరా అక్కడ పదిహేను నిమిషాలు మాట్లాడమంటే గంట మాట్లాడింది. ప్లాస్టిక్ తగ్గాలంటే ఏం చేయాలని ఒకమ్మాయి అడిగితే, “నాకు తెలీదమ్మా. మీరు ఏదైనా చేసి చూడండి, తగ్గిందో లేదో నేను చెబుతాను” అందట. విద్యార్థులు చప్పట్లు కొట్టారట గానీ, ఆ సంగతి ఆమె మాకు చెప్పలేదు.

లాగరిథం తీయడం మేడమ్ దగ్గరే నేర్చుకుంది. ఇప్పుడు నెలాఖరున నేను అంకెలు చదివితే రెట్లు తనే వేసుకుంటుంది. తప్పుల్లేకుండా వేస్తుందని చెప్పను, కానీ తప్పు ఎక్కడ పడిందో మనకంటే ముందు తనకే అనుమానం వస్తుంది.

పోయిన నెల నుంచి ఇంకో రెండు యార్డుల్లో ఇదే పని మొదలుపెట్టారు. అక్కడికి వెళ్లాల్సిన ముగ్గురు ఆడవాళ్లకు పని నేర్పడం అక్క మీద పెట్టారు. మొదటి రోజు నేను రిజిస్టరు పట్టుకుని షెడ్డులోకి వెళ్లేసరికి, ముగ్గురిలో చిన్నామె చేతిలో ఒక కాగితం కప్పు పట్టుకుని రెండు కుప్పల మధ్య తటపటాయిస్తోంది.

“ఇది కాగితమే కదా అక్కా?”

“చించి చూడు.”

ఆమె చించింది. లోపలి నుంచి పల్చని పొర ఒకటి సాగుతూ వచ్చింది. దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది, తర్వాత అక్క మొహం చూసింది.

“ఇప్పుడు చెప్పు, ఏ కుప్ప?”

చిన్నామె ఆలోచనలో పడింది. మిగతా ఇద్దరూ పని ఆపి దగ్గరికి జరిగారు. గేటు దగ్గర బండి హారను మోగితే నేను నా గదికి వచ్చేశాను. అక్క మాత్రం జవాబు చెప్పకుండా, తొందరపెట్టకుండా, వాళ్ల పక్కనే మోకాళ్ల మీద కూర్చుని ఉంది.